కన్ను పెట్టని పిట్టలు

మా అత్తయ్య పోయిందన్న కబురు నాకు స్నానం చెయ్యమన్న ఆజ్ఞలా వచ్చింది. మా నాన్నగారు ఏలూరు నుంచి పొద్దుటి బండిలో తాడేపల్లిగూడెం దిగి, మా గుమ్మం బయటే నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, "మీ అత్తయ్య పోయిందమ్మా. తలమీద నీళ్ళు పోసుకో" అన్నారు. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, దగ్గర ఎవరున్నారు, ఇవన్నీ నేనే అడిగి అడిగి లాక్కోవలసి వచ్చింది. కొల్లేటి లంకలో వాళ్ళ మరిదిగారింట్లో కాస్త జ్వరపడి పోయిందట. దహనం అక్కడే చేసేశారట. "మంచి చావు. ఒకరికి భారం కాలేదు" అని నాన్నగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

మంచి చావట! బతికున్నన్నాళ్ళూ ఒక్క మంచిమాట దక్కని మనిషికి చావు మాత్రం మంచిది దొరికింది. నేను నూతి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుకుని పోసుకున్నాను. ఏడుపు రాలేదు. ఎన్ని చేదలు పోసుకున్నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంటతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మెత్తనిది ఆవిడ, నేను కాదు. చదివేవారు మన్నించాలి.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు. అప్పటికి ఆవిడకి పట్టుమని పన్నెండేళ్ళు లేవు. కొన్నేళ్ళు లంకలో అత్తగారి దగ్గర ఉంది. ఆ అత్తగారూ విధవే. ఆవిడ కాస్తా కన్ను మూశాక అత్తయ్యని తెచ్చి మా ఏలూరు ఇంట్లో పెట్టారు. ఇంట్లో అన్నానే గానీ, వెనక వసారాలో. నాకు ఊహ తెలిసేసరికి ఆ వసారాలో ఒక పీట, ఒక తెల్లచీర, ఒక సూది, ఒక మనిషి. ముందుగదిలోకి ఆవిడ రావడం నేను చూసింది తక్కువ.

మా నాన్నగారికి పట్నంలో పెద్ద పేరు. ఖద్దరు కండువా వేసుకుని సభలకి వెళ్ళేవారు. స్త్రీల కష్టాల మీద ఆయన మాట్లాడుతుంటే వెనక వరసల్లో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారట. అలాంటి సభకి బయల్దేరే ముందు ఆయన నడవలో నిలబడి గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గుకి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. 'నేను బయటికి వెళ్తున్నాను, నువ్వు ఎదురు రాకు' అని. ఆ దగ్గు వినగానే అత్తయ్య పీట ఎత్తుకుని వంటింటి చాటుకి వెళ్ళిపోయేది. చిన్నప్పుడు నాన్నగారికి ఉబ్బసం ఉందేమో అనుకునేదాన్ని.

ఆవిడ పని ఏమిటో చెప్పాలి. మా వైపు పెళ్ళికూతురి రవిక మీద పిట్టలు కుట్టించడం ఆనవాయితీ. వీపు మీద ఒక తామరతీగె, దానికి అటొకటి ఇటొకటి జంట పిట్టలు, చేతుల అంచుకి పూలు. అత్తయ్య కుట్టేవి బజారులో దొరికే అచ్చుబొమ్మల్లాంటివి కావు. పాత పనితనం. ఆవిడకి వాళ్ళ అత్తగారు నేర్పింది, ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు. లంకలో కాగితాలెక్కడివి? కొల్లేటి ఒడ్డున తడిమట్టి మీద పుల్లతో గీసి చూపించేదట అత్తగారు. తామరాకు మీద నిలబడ్డ పొడుగువేళ్ళ పిట్ట, గూడబాతుల జంట, మెడ వంచిన ఎర్రకాళ్ళ కొంగ, కలువమొగ్గని ముక్కున కరుచుకున్న బొల్లికోడి, మొగలిరేకుల అంచు. అన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. "ఇవి నేను కల్పించినవి కావే. ఎన్ని తరాల నాటివో. మనుషులు మారారు గానీ కొల్లేట్లో పిట్టలు మారలేదుగా. అందుకని గీత తప్పదు" అనేది.

పిట్టని కుట్టేటప్పుడు కాళ్ళు ముందు కుట్టేది. రెక్కలు కుట్టమని నేను తొందరపెడితే, "నిలబడనీవే దాన్ని. నిలబడ్డాక కదా ఎగరడం" అనేది. రంగులకి ఆవిడ పెట్టుకున్న పేర్లు వేరు. లేతాకుపచ్చ అనేది కాదు, చింతచిగురు అనేది. వంకాయ నీలం, కందిపువ్వు పసుపు, చేపమొప్ప ఎరుపు. దీపం వెలుగులో సూది పట్టేది కాదు, దీపం కింద రంగు అబద్ధం చెబుతుందని. పొద్దున్న వసారా తూర్పు మూల కూర్చుని, ఎండ ఎటు జరిగితే అటు పీట జరుపుకుంటూ సాయంత్రానికి పడమటి మూలకి చేరేది. ఆవిడ ఎక్కడుందో చూసి మేం ఎంత పొద్దెక్కిందో చెప్పేవాళ్ళం. ఒకసారి రవిక తిరగేసి చూస్తే లోపలివైపు ముళ్ళూ పోగులూ చిందరవందరగా ఉన్నాయి. "ఇదేమిటత్తయ్యా, ఇలా ఉంది?" అంటే నవ్వింది. "వెనకవైపు ఎవరు చూస్తారే, నేనూ నువ్వూ తప్ప!" అంది.

నాకు కుట్టు నేర్పాలని చాలా చూసింది. నాకు రాలేదు. నాలుగు కుట్లు వేసేసరికి విసుగొచ్చి దారం తెంపేసేదాన్ని. "నీ నోటికున్న పదును సూదికుంటే ఎంత బాగుండునే" అని ఎకసెక్కం చేసేది. ఆవిడ నవ్వితే చప్పుడు ఉండేది కాదు. భుజాలు మాత్రం కదిలేవి.

ఇంతకీ అసలు సంగతి కన్ను. పెళ్ళిరవిక మీద పిట్టకి కన్ను ఆఖర్ని పెడతారు. మంచి రోజు చూసి, పసుపులో తడిపిన దారంతో, పీటమీద తూర్పుకి కూర్చుని ముత్తయిదువ ఒక్క ముడికుట్టు వెయ్యాలి. దాన్ని కన్ను పెట్టడం అంటారు. ఎవరు కన్ను పెడితే రవిక వారి చేతిదన్నమాట. ఫలానావారు కన్ను పెట్టిన రవిక అని చెప్పుకుంటారు. మిగతాదంతా ఎవరు కుట్టారని ఎవరూ అడగరు. విధవ చెయ్యి పెళ్ళిగుడ్డ మీద పడకూడదు గదా. పడిందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? అందుకని అత్తయ్య నెలల తరబడి కూర్చుని కాళ్ళూ రెక్కలూ ఈకలూ పూలూ అన్నీ కుట్టి, కన్ను ఉండాల్సిన చోట గుడ్డ ఖాళీగా వదిలేసేది. పసుపుదారం ఎక్కించిన సూది ఒకటి రవిక అంచుకి గుచ్చి పెట్టేది. మా అమ్మ వచ్చి ముందుగదిలో పీటమీద కూర్చుని, వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా ఆ ఒక్క కుట్టూ వేసేది.

అంతే. రవిక అమ్మదయిపోయేది. సొమ్మొకరిది, సోకొకరిది. ఇటు దెందులూరు, అటు పెంటపాడు, అత్తిలి దాకా అమ్మ పేరు పాకిపోయింది. "మా అమ్మాయికి మీ చేతి రవికే కావాలండి" అని బళ్ళు కట్టుకుని వచ్చేవారు. పసుపూ కుంకుమా పళ్ళూ పూలూ తాంబూలం, అన్నీ అమ్మకి. వెనక వసారాలోకి గుడ్డ మాత్రం వచ్చేది.

అమ్మకి కుట్టు ఒక్క ముక్క రాదు. ఇది ఇన్నాళ్ళకి రాస్తున్నాను గానీ మా ఇంట్లో పనిమనిషికి కూడా తెలుసు. ఒకసారి అత్తిలి నుంచి వచ్చినావిడ రవిక చూసి, "ఏవండీ, ఈ పిట్టకి వేళ్ళు ఇంత పొడుగేమిటండీ?" అని అడిగింది. అమ్మ, "ఒక్క నిమిషం ఉండండి, పాలు పొంగుతున్నట్టున్నాయి" అని వెనక్కి పరిగెత్తింది. "ఏయ్, ఆ వేళ్ళేమిటి?" అని వసారాలో గుసగుస. "తామరాకు మీద నడిచే పిట్ట వదినా. వేళ్ళు పొడుగ్గా లేకపోతే ఆకు మునిగిపోదూ" అంది అత్తయ్య. అమ్మ ముందుగదిలోకి వచ్చి అదే మాట, తను కొల్లేరంతా తిరిగి చూసినట్టు చెప్పింది. అత్తిలావిడ మురిసిపోయింది. మా ఇంట్లో పొంగినన్ని పాలు ఏలూరు మొత్తం మీద పొంగి ఉండవు.

అమ్మ చెడ్డది కాదు. అది కూడా చెప్పాలి. అత్తయ్యకి ఒంట్లో బాగాలేకపోతే కషాయం కాచి తనే పట్టుకెళ్ళి ఇచ్చేది. కానీ పొగడ్త అలవాటైన మనిషికి అది లేకపోతే కాఫీ లేనట్టే ఉంటుంది. పోనుపోను ఆ రవికలు తనే కుట్టినట్టు అమ్మకే నమ్మకం కుదిరింది. చివరికి "ఈ కొంగ నాకెంత బాగా వచ్చిందో" అని అత్తయ్యతోనే అనేది. "అవును వదినా" అనేది అత్తయ్య. ఆ అవునులో ఎగతాళి లేదు, కోపం లేదు. అదే నాకు కోపం. ఊళ్ళో సగం మందికి నిజం తెలుసునని నా అనుమానం. తెలిసీ ఎవరూ అనలేదు. తెలియడం వేరు, వినడం వేరు.

పెద్దదాన్నయ్యాక ఒకరోజు అడిగాను. "నీకేమీ అనిపించదా అత్తయ్యా?" అని. దారం పెదవుల మధ్య తడిపి సూదిలోకి ఎక్కించింది. "పేరు నాకెందుకే? ఆ ఒక్క కన్నూ పెట్టాలనిపిస్తుంది. అంతే. ఎన్ని పిట్టల్ని గుడ్డివాటిగా పంపించానో ఈ చేతుల్తో. ఒక్కటీ నాకేసి చూడలేదు" అంది. ఎప్పటికైనా ఒక్క పిట్టకి ఆవిడ చేత కన్ను పెట్టించి తీరాలని అప్పుడే అనుకున్నాను.

నా పెళ్ళికి ఆ అవకాశం వచ్చింది. ఆడపిల్లలకి పద్నాలుగు నిండాలన్న చట్టం వచ్చిన కొత్త. చట్టాన్ని గౌరవించాలని నాన్నగారు పద్నాలుగు నిండగానే చేసేశారు. వరుడు తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమాస్తా. నా రవిక కోసం అత్తయ్య తామరాకు మీది పిట్టల్ని ఎంచుకుంది. అంతకు ముందు కుట్టినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తామరరేకు మీద నీటిబొట్టు కూడా కుట్టింది. పెళ్ళి ఇంకా రెండు రోజులుందనగా అమ్మ పిండివంటల దగ్గర తలమునకలుగా ఉంది. నేను రవిక పట్టుకుని వసారాలోకి వెళ్ళి, "కన్ను నువ్వే పెట్టు" అన్నాను.

"నీకేమైనా మతి పోయిందా?" అంది.

"నువ్వు పెట్టకపోతే నేనీ రవిక తొడుక్కోను. పాత రవికతో పీటల మీద కూర్చుంటాను. ఎవరడిగినా ఎందుకో చెబుతాను."

"వద్దమ్మా. నీకేమైనా అయితే?"

"ఏమీ కాదు. ఇన్ని రవికలు కుట్టావు కదా, ఎవరికేమైంది? అందరూ పిల్లాపాపలతో ఉన్నారుగా."

"కన్ను నేను పెట్టలేదుగా వాటికి" అంది.

నేను కదల్లేదు. ఆవిడ నా మొహంలోకి చూసింది, రవిక వంక చూసింది. లేచి నూతి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. వచ్చి పీట తూర్పుకి తిప్పుకుని కూర్చుని, సూది తీసుకుంది. ఒక ముడికుట్టు. అటు పిట్టకి ఇంకొకటి. దారం తెంపి, రవికని ఒళ్ళో పరుచుకుని, చూస్తూ కూర్చుంది. "చూస్తోందే" అంది. "నన్నే చూస్తోంది."

అంతకంటే సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

రవికకి కన్ను పెట్టేసి ఉండటం చూసి అమ్మకి గుండె ఆగినంత పనయింది. కానీ ముహూర్తం ముంచుకొచ్చేసింది. ముందుగదిలో మగపెళ్ళివారు. నోరు మూసుకుంది. నేను ఆ రవికే తొడుక్కుని పీటల మీద కూర్చున్నాను. అందరూ అమ్మని మెచ్చుకున్నారు.

కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకి మా ఆయనకి సన్నిపాత జ్వరం వచ్చింది. ఆ ఏడు గూడెంలో చాలా ఇళ్ళల్లో వచ్చింది. మా వీధిలోనే ఇంటికొకరు మంచం పట్టారు. ఆ సంగతి ఎవరికి కావాలి? అమ్మ ఏలూరు నుంచి వచ్చి మంచంలో ఆయన్ని చూసి, గుండెలు బాదుకుని, "దాని చెయ్యి పడింది, దాని చెయ్యి పడింది" అని నాన్నగారి ముందు కన్ను సంగతి బయటపెట్టేసింది. నేను ఎంత అరిచినా వినేదెవరు? నా పెట్టె తీసి, రవిక లాగి, బ్లేడుతో ఆ రెండు కుట్లూ కోసేసి, పసుపుదారంతో తను మళ్ళీ వేసింది. ఇక సభల్లో ఉపన్యాసాలిచ్చే నాన్నగారు ఏం చేశారంటే, ఆ రాత్రి బండికే ఏలూరు వెళ్ళి, మర్నాడు చెల్లెల్ని దోనె ఎక్కించి లంకలో దింపేసి వచ్చారు. "ఆయన ఇదంతా నమ్మరమ్మా, నలుగురి కోసం" అంది అమ్మ. నమ్మి చేసి ఉంటే కనీసం క్షమించేదాన్ని.

జ్వరం తగ్గే రోజుకి తగ్గింది. డాక్టరుగారు మందిచ్చారు, నేను కంటికి రెప్ప వెయ్యకుండా గంజి పోశాను. పేరు మాత్రం అమ్మ వేసిన రెండు కుట్లకి వచ్చింది. సరే, తగ్గింది కదా, ఇప్పుడైనా అత్తయ్యని తీసుకురండి అన్నాను. నాన్నగారు, "అక్కడ ఆవిడకి బాగానే ఉందమ్మా, గాలీ వెలుతురూ" అన్నారు. మా ఆయన్ని అడిగాను. మంచివారే. "నాకేం పట్టింపు లేదు గానీ, పెద్దవాళ్ళ మధ్య మనమెందుకు చెప్పు" అన్నారు. ఆయన ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నారు. ఇది రాస్తుంటే పక్కగదిలో గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

నేను వీలైనప్పుడల్లా లంకకి వెళ్ళొచ్చేదాన్ని. బండి దిగి, మళ్ళీ ఎడ్లబండి ఎక్కి, ఆపైన దోనె. తాటిదోనె తామరాకుల్ని ఒరుసుకుంటూ పోతుంటే ఆ పిట్టలన్నీ ఎదురయ్యేవి. అత్తయ్య రవికల మీద చూసినవే. చిన్నప్పుడు గుడ్డ మీద చూసినవి ఇప్పుడిక్కడ కదులుతుంటే నాకు దిగులేసేది. ఒడ్డున ఆవిడ నిలబడి ఉండేది. నేను దోనె దిగకముందే, "ఆయన ఒంట్లో బాగుందా?" అని అడిగేది. ఎప్పుడూ అదే మొదటి మాట. బాగున్నారంటే ఊపిరి వదిలి, అప్పుడు నన్ను ముట్టుకునేది.

సూది మానేసింది. ఒకసారి నేను ఏలూరు బజారులో మంచి దారం చిలపలు కొని పట్టుకెళ్ళాను. చింతచిగురు, వంకాయ నీలం, అన్నీ ఏరి ఏరి తీసుకెళ్ళాను. చేత్తో తడిమి చూసింది. మళ్ళీ పొట్లం కట్టి నా సంచీలో పెట్టేసింది. "నాకొద్దమ్మా. నీ పసుపుకుంకాలు చల్లగా ఉండాలి. ఆ రోజు నేను ఆశపడ్డాను. ఆశపడకూడదు" అంది.

"నీ వల్ల కాదత్తయ్యా. ఊళ్ళో అందరికీ వచ్చింది జ్వరం. ఎవరి రవికకి ఎవరు కన్ను పెట్టారని వచ్చింది?"

"నువ్వలాగే అంటావులే" అని నా నెత్తి నిమిరింది.

లోకం నమ్మితే పోనీ అనుకోవచ్చు. ఆవిడ కూడా నమ్మింది. జీవితంలో ఒక్క పూట తను కోరుకున్నది చేసుకుని, అదే నేరమని నమ్ముకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కొల్లేటి ఒడ్డున కూర్చుని అలాగే పోయింది. నలభై అయిదేళ్ళు కూడా దాటలేదు. నన్నెవరైనా శాంతం వహించమంటే వాళ్ళకో నమస్కారం.

మైల తీరాక నేను ఏలూరు వెళ్ళాను. ఆ మర్నాడే పెంటపాడు నుంచి ఒకావిడ పట్టుగుడ్డ తీసుకుని వచ్చింది. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి మా ఇంట్లోనే రవిక కుట్టించారు. ఇప్పుడు చిన్నమ్మాయి పెళ్ళి. అమ్మ మొహం చిన్నబుచ్చుకుని, ఈ అయిదారేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతున్న మాటే చెప్పింది. "కళ్ళు మందగించాయండీ. సూది కనబడటం లేదు. లేకపోతే మీరడిగితే కాదంటానా?"

"అయ్యో, ఎంత అపురూపమైన చెయ్యండీ మీది" అని పెంటపాడావిడ నొచ్చుకుంది.

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు ఆగలేదు. ఆపుకోవాలని చూడలేదు కూడా. "మా అమ్మ ఎప్పుడూ కుట్టలేదండీ" అన్నాను. "మీ పెద్దమ్మాయి రవిక కుట్టింది మా అత్తయ్య. ఈ ఇంటి వెనక వసారాలో కూర్చుని కుట్టింది. విధవ. ఆవిడే మొన్న పోయారు."

పెంటపాడావిడ నా వంక చూసింది, అమ్మ వంక చూసింది. అమ్మ తల దించుకుంది. అదే జవాబు. ఆవిడ గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని లేచింది. అమ్మ తాంబూలం పళ్ళెం తెస్తే చెయ్యి చాపకుండానే మెట్లు దిగింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

నాన్నగారు సభ నుంచి వచ్చి, "మా పరువు బజారున పెట్టావు" అన్నారు.

"ఆ పరువు ఆవిడ కుట్టిందే నాన్నగారూ" అన్నాను. ఆయన దగ్గబోయి మానేశారు.

నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. నిజం తెలిశాక ఒక్కరైనా వస్తారనుకున్నాను. ఆ రవిక తొడుక్కుని పెళ్ళాడి, మొగుడితో పిల్లలతో చల్లగా ఉన్న ఒక్క ఆడది, మా గుమ్మంలోకి వచ్చి, "అయ్యో, ఆవిడదా ఆ చెయ్యి" అని ఒక్క మాట అంటుందనుకున్నాను. ఎవరూ రాలేదు. వీధిలో ఎదురైనవాళ్ళు మొహం తిప్పుకున్నారు.

వారం గడిచాక మా చాకలి మనిషి మాసినబట్టలకి వచ్చి, మూట కట్టుకుంటూ, "ఏంటోనండి అమ్మాయిగారూ, ఈ వారం ఏ ఇంటికెళ్ళినా పెళ్ళిరవిక తెచ్చి నా మొహాన పడేస్తున్నారండి. పట్టువండి, చిరుగన్నది లేదండి. తిరిగి తేవద్దంటున్నారండి" అంది. చావుమైల గుడ్డలు చాకలికిచ్చేస్తారు కదా మా వైపు. పెళ్ళిరవికలకీ ఆ గతే పట్టించారు. ఇన్నేళ్ళూ వాటిని కర్పూరం వేసి దాచుకున్నవాళ్ళే.

"అవి ఎక్కడున్నాయి?" అన్నాను.

"తమ్మిలేరు దగ్గర ఆరేశానండి."

నేను చెప్పులేసుకుని ఆమె వెనకాలే నడిచాను. తమ్మిలేరులో నీళ్ళు పాయగా పారుతున్నాయి, తక్కినదంతా ఇసకే. ఆ ఇసక మీద బోర్లా పరిచి, వీపులు పైకి పెట్టి, వరసగా ఆరేసి ఉన్నాయి. గూడబాతులవి, ఎర్రకాళ్ళ కొంగలవి, కలువలవి. కొన్ని నేను పుట్టకముందు కుట్టినవి. ఎవరింటివో కొన్ని గుర్తుపట్టాను, కొన్ని అసలు ఎన్నడూ చూడలేదు. అత్తయ్య వాటిని ఒకటొకటిగా పంపించింది గానీ ఇలా అన్నీ ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి అప్పుడు ఏడ్చాను.

చాకలి మనిషి బెదిరిపోయింది. "అమ్మాయిగారూ, ఏమైందండీ?"

"ఇవి మా అత్తయ్య కుట్టినవి."

"ఆ వెనక వసారా అమ్మగారాండి?" అని ఒకసారి అటూ ఇటూ చూసింది. "ఆరి చేతిలో ఏముందో గానండి, ఉతికినా ఒక్క పోగు లేవలేదండి."

"వీటినేం చేస్తావు?"

"మా కోడళ్ళకీ కూతుళ్ళకీ పంచేస్తానండి. ఇంత మంచి గుడ్డలు వదులుకుంటామాండి?"

"విధవ చెయ్యి పడిందట. నీకు భయం లేదా?"

"మీ అందరి మైలా మా చేతులమీదే కదండీ పోయేది. మాకింకేం భయవండి" అని నవ్వి, ఆరినవి తియ్యడానికి వంగింది.

"ఉండవే. కాసేపు ఉండనియ్యి. నన్ను చూడనియ్యి" అన్నాను. సరేనని పక్కకి జరిగి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. గాలి లేదు. నడినెత్తిన ఎండ. నేనొక్కదాన్నీ వరస వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ పోతున్నాను. కొల్లేటి పిట్టలన్నీ ఆ ఇసక మీద కళ్ళు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నాయి.